కోళ్ళ దండెం మీద తెల్ల చొక్కా

మా వదిన కోడిని ఒళ్ళోకి తీసుకునే తీరు చూస్తే దానికి జడ వేయబోతోందేమో అనిపిస్తుంది. షెడ్డు గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. కోడిని వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు చివరికి జారిన కళ్ళజోడులోంచి చూస్తూ, తోక కిందా రెక్కల కిందా ఈకల్ని పాయలు పాయలుగా విడదీస్తుంది. మధ్యమధ్య ఉఫ్ అని ఊదుతుంది. ఎండుగడ్డి రంగులో ఏదైనా పరుగు తీసిందా, రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య దాని కథ ముగిసిందన్నమాటే. ఈక మొదట్లో గుడ్ల ముద్ద కనబడితే ఆ ఈకనే పీకి సబ్బునీళ్ళ డబ్బాలో వేస్తుంది.

ఇదంతా నోరు మూసుకుని చేసే మనిషి కాదు. మాట ఆగితే ఆమెకు వేళ్ళు ఆడవు. తప్పు ఆమెది కాదు, అలవాటుది. ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసింది. రెండు వందల తలలు, వారానికోసారి. పిల్ల కదలకుండా కూర్చోవాలంటే ఏదో ఒక కబురు చెబుతూనే ఉండాలి. పిల్లలు ఆమెకు దువ్వెనమ్మ అని పేరు పెట్టారు. దువ్వెనమ్మ చేతిలోంచి తప్పించుకున్న పేను లేదని హాస్టలంతా నమ్మేది. అందరికంటే గట్టిగా నమ్మింది మాత్రం దువ్వెనమ్మే.

ఉద్యోగం అయిపోయాక ఆమే మా అన్నయ్యా ఊరి అంచున కాస్త నేల తీసుకుని కోళ్ళు పెట్టారు. తలలు నూటపదికి తగ్గాయి, కబుర్లు మాత్రం తగ్గలేదు. ఆ కబుర్లలో సగం నా గురించే కావడం నా ఖర్మ. అన్నయ్య పెళ్ళప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. పెద్దవాడిలా కనబడాలని బూట్ల పాలిష్‌తో మీసం దిద్దుకున్నాను. ఎండకి అది కరిగింది. పెళ్ళి ఫోటోలో నా మీసం ఎడమ చెవిదాకా ఉంటుంది. కొత్త పెళ్ళికూతురు ఆ రోజు ఏమీ అనలేదు. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళుగా అంటూనే ఉంది. ఇప్పుడా సంగతి నూటపది కోళ్ళకూ తెలుసు. నేను గేటు తీసుకుని వస్తుంటే కొన్ని మెడ పక్కకు వాల్చి మరీ చూస్తాయి.

ఆ గేటు పక్కన అన్నయ్య చెక్కిన బోర్డు ఉంది: సేంద్రియ కోళ్ళ తోట. అందులో మొదటి మాట రాసుకోవడానికి వాళ్ళకు మూడేళ్ళు పట్టింది. మూడేళ్ళపాటు నేల మీద గానీ కోడి మీద గానీ రసాయనం మందు ఒక్క చుక్క కూడా పడలేదని చూపిస్తే గానీ ధ్రువపత్రం ఇవ్వలేదు. ఏటా ఎవరో ఒకరు తనిఖీకి వస్తారు. ఏదైనా తేడా కనబడితే ఆ పత్రం పోతుంది, మళ్ళీ మూడేళ్ళూ మొదటి నుంచి. వదినకు అరవై దగ్గర పడుతున్నాయి. ‘ఇంకోసారి మొదటి నుంచి మొదలెట్టే ఓపిక నాకు లేదే తల్లీ’ అని ఆమె అనగా నేనోసారి విన్నాను. అన్నది నాతో కాదు, ఒళ్ళో ఉన్న కోడితో.

ఈసారి తనిఖీకి నెల రోజులుందనగా కోళ్ళు వాడిపోవడం మొదలైంది. తల మీద ఎర్రగా ఉండాల్సిన జుట్లు పాలిపోయాయి. రోజుకి ఎనభై గుడ్లు వచ్చే చోట యాభై కూడా రావడం లేదు. వింత ఏమిటంటే, సాయంత్రమయ్యేసరికి కోళ్ళు షెడ్డులోకి పోనంటున్నాయి. బడికి పోనని మొండికేసిన పిల్లల్లా గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడేవి. ఒక్కొక్కదాన్నీ ఎత్తి లోపలికి వేయాల్సి వచ్చేది.

వదిన పీట వేసుకుంది. నాలుగు రోజుల్లో నూటపది కోళ్ళనూ చూసింది. దొరికిన పేలు పట్టుమని పాతిక లేవు. అయినా కోళ్ళు దొర్లి స్నానం చేసే తొట్టెల్లో పాత ఇసుక తీసి, కొత్త ఇసుకా బూడిదా కలిపి నింపింది. పేలు లేవని తీర్పు చెప్పేసింది. మరి రోగమేమిటంటే దాణా మీదికి తోసింది, ఎండ మీదికి తోసింది, చివరికి ప్రతి ఆదివారం వచ్చే నా దిష్టి మీదికి కూడా తోసింది.

ఆ నాలుగు రోజుల్లో వచ్చిన ఆదివారం కోళ్ళను పట్టి అందించే పని నాకు పడింది. నేను నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాని. కాగితాలు తప్ప దేన్నీ గట్టిగా పట్టుకుని ఎరగను. ఒంటి మీద ఉన్నది తెల్లచొక్కా, కొత్తది. దాన్ని విప్పి, అన్నయ్య పాత చొక్కా వేసుకుని, నాది షెడ్డులో దండేనికి తగిలించాను.

దండెమంటే కోళ్ళు రాత్రిపూట ఎక్కి కూర్చునే కర్ర. ఎవరింట్లోనైనా అది కర్రే. మా అన్నయ్య వడ్రంగి. ఏది చేసినా మంచం చేసినంత శ్రద్ధగా చేయడం ఆయన జబ్బు. ఆ షెడ్డులో ఎనిమిది దండేలున్నాయి. ఒక్క మేకు లేకుండా చెక్కలోకి చెక్క దూర్చి బిగించిన అతుకులు. కోడి కాలు జారకుండా పొడవునా సన్నటి గాడులు. చివరల్లో నగిషీ చెక్కిన గుండ్రటి పిడులు. చూస్తే కోట్లు తగిలించుకునే స్టాండులా ఉంటుంది. మనిషన్నవాడెవడైనా చొక్కా తగిలిస్తాడు, నేనూ తగిలించాను. అన్నయ్య చొక్కాతోనే ఇంటికి వెళ్ళిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం మా మేనేజరుగారి పదవీ విరమణ సభ. మాట్లాడేవాళ్ళలో నేను మూడోవాణ్ణి. పొద్దున్నే బల్ల దగ్గర టీ తాగబోయి సగం చొక్కాకి తాగించాను. ఏం చేయాలో తోచక తడి మరకను ఫైలుతో కప్పుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే, మేకుల కోసం ఊళ్ళోకి వచ్చిన అన్నయ్య గుమ్మంలో కనబడ్డాడు. చేతిలో సంచి. సంచిలో ఆదివారం మరిచిపోయిన తెల్లచొక్కా, చక్కగా మడతపెట్టి. అన్నయ్యను కౌగిలించుకున్నంత పని చేసి, చొక్కా మార్చుకున్నాను.

మాట్లాడడానికి లేచేసరికి వీపు మీద ఏదో మొదలైంది. ‘మన మేనేజరుగారు మనకు తండ్రిలాంటివారు’ అన్నాను. చంకలో కుట్టింది. ‘ఆయన లేని ఈ ఆఫీసు’ అన్నాను. మెడ మీద కుట్టింది. గోక్కుందామంటే అరవై కళ్ళు నా మీదే ఉన్నాయి. భుజాలు ఎగరేశాను, మెలికలు తిరిగాను, పళ్ళు బిగబట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. ఇంత ప్రేమ దాచుకున్నానని వాళ్ళెవరూ అనుకోలేదట. మేనేజరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. రెండు నిమిషాలయ్యాక ఆయన కూడా మోచెయ్యి గోక్కోవడం చూశాను. నా పక్క సీటు అమ్మాయి మాత్రం నా వీపు వైపు చూసి, కుర్చీని చప్పుడు కాకుండా జరుపుకుంది.

బాత్‌రూమ్‌లో చొక్కా విప్పి చూసుకున్నాను. తెల్లటి గుడ్డంతా, వేసుకునేటప్పుడు లేని ఎర్రటి చుక్కలు. ఎర్ర సిరాలో ముంచిన గుండుసూదితో పొడిచినట్టు ఉన్నాయి. కొన్ని చుక్కలు నడుస్తున్నాయి.

చొక్కాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతికి రెండు ముళ్ళు వేసి, ఆఫీసు అటెండరు దగ్గర అడిగి తెచ్చుకున్న ఖాకీ చొక్కాలో స్కూటరెక్కి తిన్నగా తోటకు పోయాను. వదిన పీట మీద ఉంది. ఒళ్ళో కోడి.

“వదినా, నీ కోళ్ళ పేలు నన్ను తినేశాయి.”

ఆమె తలెత్తలేదు. “నా కోళ్ళకి పేల్లేవు. నీ ఆఫీసు కుర్చీ చూసుకో ముందు. ఎంతమంది కూర్చుని లేస్తారో.”

“మరి ఇవేంటి?”

“చెమటకాయలు.”

“చెమటకాయలు నడుస్తాయా వదినా?”

ఇరవై రెండేళ్ళు, రెండు వందల తలలు అని మొదలుపెట్టింది. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఇంకో రెండు మాటలు పోతే మీసం దగ్గర తేలుతుంది. ఈలోగా అన్నయ్య నా చేతిలో సంచి తీసుకున్నాడు. చొక్కా బయటికి తీసి, కాలరు మడత విప్పి, ఎండకు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ఉలి తీసుకుని షెడ్డులోకి పోయాడు. వెనకాలే మేమిద్దరం.

మొదటి దండెం అతుకులో ఉలి పెట్టి ఒక్క పోటు పొడిచాడు. బిగువుగా కూర్చున్న చెక్క కిర్రుమని విడింది. లోపల బూడిద పోసినట్టుంది. ఆ బూడిద కదిలింది. ఇసుకరేణువంత పురుగులు, కొన్ని బూడిద రంగులో, రక్తం తాగినవి ఎర్రగా, వేలకు వేలు.

“నల్లులు,” అన్నాడు అన్నయ్య. “మంచం నల్లులు కావు. కోళ్ళ నల్లులు. పగలు చెక్కలో పడుకుంటాయి. రాత్రి లేచి, కోడిని తిని, తెల్లారేలోపు మళ్ళీ ఇక్కడికే వస్తాయి.”

జీవితంలో ఎన్నో నల్లుల మంచాల అతుకులు విప్పిన మనిషి. తన చేత్తో చేసిన అతుకు మాత్రం విప్పి చూడాలని ఆయనకు తోచలేదు. కొత్తిల్లు కట్టి పురుగులకు అద్దెకిచ్చినట్టయింది. చెక్కిన ప్రతి గాడీ వాటికో వీధి. ఆయన ఉలి పక్కన పెట్టి, నగిషీ పిడిని అరచేత్తో తుడిచి, అలాగే నిలబడ్డాడు.

వదిన గడప మీద కూలబడింది.

“ఇన్నేళ్ళూ తలలే చూశాను,” అంది. “దిండు ఎత్తి చూడలేదు.”

ఆ తర్వాత నా వైపు తిరిగి, నా మెడ మీది దద్దుర్లు చూసి, వెళ్ళి కాస్త చల్లటి నీళ్ళూ మెత్తటి గుడ్డా తెచ్చింది. నీళ్ళతో తుడుస్తూ తుడుస్తూ ఒక్కసారి నవ్వు ఆపుకోలేకపోయింది. మేనేజరుగారి కౌగిలి సంగతి నేను అప్పుడే చెప్పాను మరి. చెప్పకుండా ఉండాల్సింది. మర్నాటికి నూటపదింటికీ తెలిసిపోయింది.

తనిఖీకి ఇంక పంతొమ్మిది రోజులుంది. మర్నాడే పని మొదలైంది. ఎనిమిది దండేలూ విప్పి బయట వేశారు. గుడ్లు పెట్టే పెట్టెల్లో గడ్డి మొత్తం తీసి కాల్చారు. నేను సెలవు పెట్టి, సలసల కాగే నీళ్ళు బకెట్లతో మోశాను. గోడల సందుల్లో, పెట్టెల మూలల్లో, తలుపు బందుల్లో ఆ నీళ్ళు పోసి, సబ్బునీళ్ళతో రుద్దారు. ఎండాక సందుసందులోనూ తెల్లటి మట్టిపొడి పట్టించారు. పిండిలా ఉంటుంది, పురుగు ఒంటికి అంటితే దాన్ని ఎండబెట్టేస్తుంది. సేంద్రియ పద్ధతిలో దానికి అభ్యంతరం లేదు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని ముగ్గురం తెల్లగా తయారయ్యాం. వదిన నా మీసం చూసి, ఇన్నాళ్ళకు సరైన రంగు తేలిందంది.

అన్నయ్య దండేల నగిషీలు కాపాడాలని మొదట కొంచెం తంటాలు పడ్డాడు. నీళ్ళలో ఉడకబెట్టాడు, ఎండబెట్టాడు. చివరికి ఆయనే పొయ్యిలో పెట్టాడు. వాటి స్థానంలో గీత గానీ అతుకు గానీ లేని ఎనిమిది నున్నటి కర్రలు. అవి గోడను తాకకుండా, నాలుగు కాళ్ళ మీద నిలబడేలా చేసి, ఒక్కో కాలినీ నూనె పోసిన డబ్బాలో పెట్టాడు. పురుగు పైకి ఎక్కాలంటే ఆ నూనె ఈదాలి. పని అయ్యాక దూరంగా నిలబడి చూసి, పెంకుటింటికి దూలాలు పెట్టినట్టు ఉందిరా అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు ఆయనకు రాదు.

నా చొక్కాను ఏం చేయాలో వదినే నిర్ణయించింది. మళ్ళీ వేసుకోనని నేను ముందే చెప్పాను. ఆమె కత్తెర తెచ్చి చేతులు, కాలరు, జేబు వేరువేరుగా కత్తిరించింది. ఉడకబెట్టి ఆరేసి, ఒక్కో ముక్కనూ మడతలు పెట్టి ఒక్కో కర్ర చివర చుట్టింది. మిగిలిన నల్లులకు పగలు దాక్కోవడానికి ఆ మడతలే దొరుకుతాయి. మూడు రోజులకోసారి విప్పి లెక్కపెట్టి, మళ్ళీ వేణ్ణీళ్ళలో వేస్తుంది. లెక్క పాత నోటు పుస్తకంలో రాస్తుంది. మొదటిసారి రాసింది ఇదీ: మరిది కుడి చెయ్యి, లెక్క తప్పింది.

గుడ్లలోంచి కొత్త నల్లులు వారానికి తయారవుతాయి కాబట్టి వారం తర్వాత మళ్ళీ అంతా చేశారు. అది అయిన నాలుగో రోజున కూడా నా ఎడమ చెయ్యిలో నలభై ఒకటి దొరికాయి. తనిఖీకి ఎనిమిది రోజులు. ఆ పూట వదిన కోడిని ఒళ్ళో పెట్టుకుని కూడా ఏమీ మాట్లాడలేదు. నాకది నచ్చలేదు.

వెళ్తూ వెళ్తూ దాణా కొట్టు దగ్గర ఆగాను. కొట్టాయన మంచివాడే, వదినను అక్కా అని పిలుస్తాడు. సంగతి విని, బల్ల కిందనుంచి చిన్న పురుగుమందు సీసా తీసి నా చేతిలో పెట్టాడు. బకెట్టు నీళ్ళకు ఒక మూత చాలట. తెల్లారేసరికి ఒక్కటి ఉండదట. వాసన కూడా రాదు సార్ అన్నాడు. నేను తీసుకున్నాను. వదిన ముఖం చూశాక మరి తీసుకోకుండా ఉండలేకపోయాను. తిరిగి తోటకు వచ్చి, చుట్టూ చూసి, కొట్టాయన చెప్పినదంతా రహస్యంగా ఆమె చెవిలో వేశాను.

“తనిఖీ కాగితాలవాళ్ళకి ఏం తెలుస్తుంది వదినా? వాసన పట్టే ముక్కులా వాళ్ళవి?”

“వాళ్ళకి లేకపోతే పోనీ,” అంది వదిన. “నాకు ముక్కుంది కదయ్యా.”

సీసాను ముట్టుకోను కూడా లేదు. నేనే వెనక్కి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాను. అప్పటికి సాయంత్రమైంది, ఆ సీసాకి స్కూటరు డిక్కీలో చోటివ్వడం కూడా ఆమెకు ఇష్టం లేకపోయింది కాబట్టి నడిచే వెళ్ళాను. దాణా కొట్టు అంత దూరమని ఆ రోజే తెలిసింది.

ఇంకో వారానికి మూడోసారి కడగడం అయింది. తనిఖీ రోజు పొద్దున నేనూ వెళ్ళాను. కాలరు ముక్కలో మూడు నల్లులు ఉన్నాయి. మూడే. అన్నయ్య ఆ ముక్కలన్నీ తీసేసి ఉంచుదామన్నాడు, ఒక్క పూటే కదా. నేనూ సరేనన్నాను. కర్రలు శుభ్రంగా మెరుస్తున్నాయి, కోళ్ళ జుట్లు మళ్ళీ ఎర్రబడుతున్నాయి. ముక్కలు లేకపోతే వచ్చినవాళ్ళకు అడిగే పనే లేదు.

వదిన తల అడ్డంగా ఊపింది. “తల దాచుకోకండర్రా, చూపించండి, తిట్టను అని ఎంతమంది పిల్లలకి చెప్పానో. ఇప్పుడు నేను దాచుకోనా?”

తనిఖీకి వచ్చింది ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. మోకాళ్ళదాకా బూట్లు, భుజాన సంచి, ముఖంలో నవ్వూ లేదు చిరాకూ లేదు. దాణా చూసింది, నీళ్ళు చూసింది, మట్టిపొడి బస్తా మీద రాసిందంతా చదివింది. షెడ్డులో టార్చి వేసి మూలమూలా చూసింది. మూడు కోళ్ళను పట్టిమ్మని వదినకు చెప్పింది.

వదిన పీట వేసుకుని కోడిని ఒళ్ళో పెట్టుకుంది. ఈకలు విడదీయాలి. వేళ్ళు ఆడలేదు. పెదవులు బిగుసుకుపోయాయి. కోడి కూడా తెల్లబోయి ఆమె ముఖంలోకి చూసింది. వదినను నేనెప్పుడూ అలా చూడలేదు. హాస్టల్లో మొదటిసారి ఆమె ముందు తల వంచుకుని కూర్చునే పిల్లలు బహుశా అలా ఉండేవాళ్ళేమో. అమ్మాయి గడియారం చూసుకుంది. అన్నయ్య నా వైపు చూశాడు.

నాకు ఒక్కటే తోచింది. అది నాకే నష్టమని తెలుసు.

“వదినా,” అన్నాను, “ఆ బూట్ల పాలిష్ సంగతి దీనికి చెప్పావా?”

ఆమె తలెత్తి నన్ను చూసింది. “దీనికి చెప్పలేదు. ఇది కొత్తది.”

“మరి చెప్పు.”

“ఏం చెప్పమంటావే తల్లీ,” అని మొదలుపెట్టింది వదిన, కోడితో. “ఇదిగో ఈ పెద్దమనిషి ఉన్నాడే…” రెండో వాక్యానికి వేళ్ళు కదిలాయి. మీసం చెవి దాకా కారేసరికి రెక్క కింద అయిపోయింది. ఫోటోగ్రాఫరు దగ్గరికి వచ్చేసరికి రెండో కోడి. మూడో కోడికి మేనేజరుగారి కౌగిలి. తనిఖీ అమ్మాయి పక్కనే వంగి ఈకల్లోకి చూస్తూ ఉంది. ఆమె భుజాలు కొంచెం కొంచెంగా ఊగడం నేను చూశాను. నేను గేటు బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆ అమ్మాయి, లెక్కలు రాసే పుస్తకం ఉందా అని అడిగింది. వదిన ఇచ్చి, అడగకుండానే చెప్పింది, నల్లులు వచ్చాయని, కాగే నీళ్ళూ మట్టిపొడీ తప్ప ఏమీ వాడలేదని, ఈ పొద్దుటికి కూడా మూడు ఉన్నాయని.

అమ్మాయి పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగింది. “అమ్మా, ఇక్కడ ‘మరిది ఎడమ చెయ్యి, నలభై ఒకటి’ అని ఉంది. అంటే?”

వదిన గడ్డంతో నన్ను చూపించింది. అమ్మాయి నా ఎడమ చేతిని చూసింది. తర్వాత ఆమె చూపు నా మీసం మీద ఒక క్షణం నిలిచింది. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. అన్నయ్య కర్ర చివర చుట్టిన ముక్క చూపించి వివరం చెప్పాక, ఆ అమ్మాయి అన్ని ముక్కలూ తానే విప్పి లెక్కపెట్టుకుంది. మూడే. ఆ పేజీలకు ఫోటోలు తీసుకుంది. వెళ్తూ గేటు దగ్గర, సాధారణంగా అందరూ తమకేమీ లేవనే చెబుతారమ్మా అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

రెండు వారాలు వదిన గేటు దగ్గరే తిరిగింది. కవరు వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, చదివి వినిపించింది. ధ్రువపత్రం ఇంకో ఏడాదికి కొనసాగించారు. కింద ఒక షరతు: తెల్లగుడ్డ పద్ధతిని ఆపకుండా కొనసాగించవలెను. దాన్ని రెండుసార్లు చదివింది. వెంటనే నా దగ్గర తెల్లచొక్కాలు ఇంకా ఎన్ని ఉన్నాయో అడిగింది.

ఒక్కటీ లేదన్నాను. ఆఫీసుకు వేసుకునేవాటి వరకు అది నిజం. సభ తర్వాత ఆఫీసుకు నీలం చొక్కాలే వేసుకుంటున్నాను, చుక్కలు కనబడవని.

“నీలం పనికిరాదయ్యా,” అంది వదిన. “ప్రభుత్వమే తెల్లది అని రాసింది.”

ఫోను పెట్టేసేసరికి మా ఆవిడ నా బీరువా తలుపు తీసి ఉంది. చేతిలో రెండు తెల్లచొక్కాలు. పెళ్ళిళ్ళకని నేను అట్టడుగున దాచుకున్నవి. ఆ ఫోను స్పీకరు ఎంత గట్టిగా వినబడుతుందో నాకు అప్పుడే తెలిసింది.